కమ్మరి మూట కట్టుకున్నాడు

మా అన్నయ్యకు కుళ్ళు ఎక్కువ. ఈ మాట నేను చాటుగా అనడం లేదు, ఎదురుగానే ఎన్నోసార్లు అన్నాను. చిన్నప్పుడు అమ్మ మా ఇద్దరికీ పాలు పోసి ఇస్తే, అన్నయ్య రెండు గ్లాసులూ కిటికీ గట్టు మీద పక్కపక్కన పెట్టి ఒక కన్ను మూసుకుని చూసేవాడు. నా గ్లాసులో వెంట్రుకవాసి ఎక్కువుందని తేలితే ఇల్లు పీకి పందిరేసేవాడు. తన గ్లాసులోనే ఎక్కువుంటే మాత్రం గుటుక్కున తాగేసి మూతి తుడుచుకునేవాడు. ఒకసారి పక్కింటి పిల్లాడికి కొత్త సైకిలు కొన్నారు. అన్నయ్యకు అన్నం సహించడం మానేసింది. జ్వరమేమోనని అమ్మ నుదురు తడిమి చూసింది. జ్వరం కాదు, సైకిలు.

అలాంటి మనిషికి ఉద్యోగం కూడా కొలిచి పంచేదే దొరికింది. బస్సు డిపోలో డ్యూటీ చార్టు వేస్తాడు. ఏ బస్సు మీద ఏ డ్రైవరు, ఏ కండక్టరు, ఎవరికి పొద్దుటి షిఫ్టు, ఎవరికి సాయంత్రం షిఫ్టు, ఎవరికి ఏ వారం సెలవు, అన్నీ తన చేతిలోనే. డిపోలో అన్నయ్యను రూళ్ళకర్ర అంటారు, ఎదురుగా కాదులెండి. నాకు తెలియడానికి కారణం, అన్నయ్య వాళ్ళింట్లోనే ముందు గదిలో మిషను వేసుకుని డిపో వాళ్ళ యూనిఫాంలు కుడతాను. అన్నావదినలతో ఎందుకు ఉంటున్నాననేది వేరే కథ, ఇక్కడ అక్కర్లేదు. కొలతలకు చేతులు చాచి నిలబడితే ఎవరికీ నోరు ఆగదు. నేను రూళ్ళకర్ర చెల్లెలినని తెలిసినా ఆగదు. అంతా విని కూడా రెండు చేతులూ ఒకే పొడుగున కుట్టి ఇస్తున్నందుకు వాళ్ళు నాకు దండం పెట్టాలి.

చార్టు వేయడంలో అన్నయ్యకు ఒక పట్టుదల ఉంది. స్నేహితులిద్దరిని ఒకే బస్సు ఎక్కనివ్వడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక డ్రైవరూ ఒక కండక్టరూ ప్రాణస్నేహితులని తెలిసి, పోనీలే పాపమని ఇద్దరినీ ఒకే బస్సు మీద వేశాడట. బస్సు దారిలో ఉండగా ఆ కండక్టరుకు కొడుకు పుట్టాడని కబురొచ్చింది. డ్రైవరు బస్సును పక్క వీధిలోకి తిప్పి, ఆస్పత్రి గేటు ముందు ఆపి, "పద, చూసొద్దాం" అన్నాడు. ప్రయాణికులు గొడవ చేయాలి కదా? చేయలేదు. సగం మంది దిగి వాళ్ళూ వెళ్ళి పిల్లాణ్ణి చూసొచ్చారు. డిపో అంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది గాని, పైవాళ్ళకు సంజాయిషీ చెప్పుకోవలసింది అన్నయ్యే. అప్పటి నుంచీ ఎవరైనా ఇద్దరు క్యాంటీన్లో ఒకే బల్ల దగ్గర కూర్చుని నవ్వుతూ టీ తాగితే చాలు, మర్నాటి చార్టులో ఒకరు తూర్పుకూ ఒకరు పడమరకూ పోతారు.

మా వదిన ఆ డిపోలోనే కండక్టరు. పెళ్ళికి ముందు ఆమె ఏ రోజు ఏ బస్సు మీద ఉంటుందో చార్టు వేసే మనిషికి తెలియకుండా పోదు కాబట్టి, అన్నయ్య సరిగ్గా ఆ బస్సే ఎక్కి ఇంటికొచ్చేవాడు, అది మా వీధికి రాకపోయినా సరే. దాని మీద డిపోలో అందరూ చెవులు కొరుక్కున్నారు. అందుకని పెళ్ళయిన వెంటనే వదినను సాయంత్రం షిఫ్టుకు మార్చేశాడు. "చార్టు చేతిలో ఉందని పెళ్ళానికి మంచి షిఫ్టు వేసుకున్నాడని ఒక్కడు కూడా వేలెత్తి చూపకూడదు" అన్నాడు. తనది పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆఫీసు. సాయంత్రం తను గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే, వదిన చెప్పులు వేసుకుంటూ ఉంటుంది. తన సెలవు ఆదివారం, ఆమె సెలవు బుధవారం. నిజాయితీ అంటే ఇలా ఉండాలని అన్నయ్య నమ్మకం. వదిన ఎన్నడూ ఏమీ అనలేదు. అనదు కాబట్టి ఆమెకు ఏమీ లేదనుకున్నాడు మా మహానుభావుడు.

వాళ్ళ అమ్మాయి చదువు కోసం హాస్టల్‌కు వెళ్తూ తన పాత కంప్యూటరును ఇంట్లో వదిలి వెళ్ళింది. అందులో ఒక ఆట ఉంది. ఓడ మునిగిపోయి కొందరు మనుషులు నిర్మానుష్యమైన దీవికి కొట్టుకొస్తారు. ఒకడు కమ్మరి, ఒకడు చేపలు పట్టేవాడు, ఒకావిడ వంట చేసేది, ఇలా. వాళ్ళకు పేర్లుండవు, పనులే ఉంటాయి. ఆడేవాళ్ళు పైనుంచి చూస్తూ ఎవరు కట్టెలు కొట్టాలో, ఎవరు నాట్లు వేయాలో, ఎవరు ఎక్కడ పడుకోవాలో అన్నీ చెప్పాలి. ఇళ్ళు కట్టించాలి, బావి తవ్వించాలి, ధాన్యం కొట్టు నింపించాలి, చలికాలం గట్టెక్కించాలి.

"నాన్నా, అది నీ ఉద్యోగమే. జీతం ఉండదంతే" అని మా మేనకోడలు ఫోన్లో నవ్వింది.

అన్నయ్య అందులో పడ్డాడంటే పడ్డాడు. సాయంత్రం ఇంటికి రావడం, కాళ్ళు కడుక్కోవడం, దీవిలో దిగడం. అక్కడ ఎవరి పని దగ్గరే వాళ్ళ గది. కొలిమి పక్కనే కమ్మరి మంచం, పొయ్యి వెనకే వంటావిడ మంచం. అన్నం ఎవరికి వాళ్ళకు పని దగ్గరికే చేరుతుంది. నడిచే పని లేదు, నిలబడి కబుర్లు చెప్పుకునే పని అంతకంటే లేదు. "చూడవే, ఒక్కడైనా ఖాళీగా ఉన్నాడేమో చూపించు" అని నన్ను పిలిచేవాడు. నిజంగానే ఎవరూ ఉండేవారు కాదు. డిపోలో అయితే చార్టు గోడకు అతికించగానే నలుగురు తలుపు దగ్గర చేరి గొణుగుతారు. ఇక్కడ గొణిగే నోరే లేదు. ఆ సుఖం అన్నయ్య ముఖంలో తెలిసిపోయేది.

వదినకు పొద్దుటి పూటలు ఒంటరివి. ఇంట్లో నేనున్నానన్న మాటే గాని, నా మిషను చప్పుడులో నేనుంటాను. ఒకరోజు ఆమె కూడా ఆ కంప్యూటరు ముందు కూర్చుంది. ఆ దీవికి రెండు ఒడ్లు ఉన్నాయి. ఇవతలిది అన్నయ్యది, అవతలిది ఖాళీ. ఇంకొకరు ఆడదలిస్తే అక్కడ ఊరు కట్టుకోవచ్చు. ఒకరు ఆపిన చోటి నుంచి రెండోవారు ఆడొచ్చు. అలా పొద్దుట వదిన, సాయంత్రం అన్నయ్య. ఒకే దీవిలో కాపురం పెట్టారు, అక్కడా షిఫ్టుల్లోనే.

మొదట్లో అన్నయ్య తెగ మురిసిపోయాడు. వదిన ఊరు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. గోడలు కట్టించడం ఆమెకు చేతకాలేదు. పొడుగాటి పాక ఒకటి వేసి మంచాలన్నీ అందులోనే వరసగా వేసేసింది. కలప చాలక బల్ల కూడా ఒక్కటే చేయించింది. అందరూ ఆ బల్ల చుట్టూ చేరి ఒకే కుండలోంచి గంజి తాగుతారు. వానొస్తే పాక కారుతుంది. పని మధ్యలో లేచొచ్చి బల్ల దగ్గర చతికిలబడినా వదిన ఏమీ అనదు.

"ఇది ఊరా, బస్‌స్టాండా?" అన్నాడు అన్నయ్య ఒక సాయంత్రం చెప్పులు విప్పుతూ.

"నాకు తెలిసింది బస్‌స్టాండే కదండీ" అని వదిన చెప్పులు వేసుకుంది.

ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు. ఒక సాయంత్రం అన్నయ్య ఆడుతుండగా తెర మీద ఒక కబురు వచ్చింది: చేపలు పట్టేవాడు మూట కట్టుకున్నాడు.

"ఎక్కడికి?" అని అన్నయ్య పైకే అడిగాడు. నేను గుడ్డ కత్తిరించడం ఆపి వెళ్ళి చూశాను. ఆ చేపలవాడు భుజాన మూట వేసుకుని, అడవి దాటి, అవతలి ఒడ్డుకు చేరి, వదిన బల్ల దగ్గర కూర్చుని, గంజి తాగాడు. అన్నయ్య వెంటనే కూతురికి ఫోన్ చేశాడు. "నచ్చకపోతే వెళ్ళిపోతారు నాన్నా, ఆటలో అది మామూలే" అంది ఆ పిల్ల. నచ్చకపోవడానికి ఏం తక్కువైందో అన్నయ్యకు అంతు చిక్కలేదు. చేపలవాడికి సముద్రం కనబడే గది ఇచ్చాడు మరి.

తర్వాత వంటావిడ పోయింది. అన్నయ్య ముఖం మాడిపోయింది.

"ఏం పెట్టి లాక్కుంటోందే మీ వదిన?" అన్నాడు.

"గంజి" అన్నాను.

నాలాంటి చెల్లెలు ఉన్నందుకు తన ఖర్మ అన్నట్టు చూశాడు. ఆ మర్నాటి నుంచి తన ఊళ్ళో అందరికీ ఉన్ని దుప్పట్లు నేయించాడు. కిటికీలు పెట్టించాడు. రెండు కూరలతో అన్నం పెట్టించాడు. ఇంత చేసినా ఉండరా అని పళ్ళు పటపటలాడించాడు. వాళ్ళు మెత్తటి దుప్పట్లు కప్పుకుని, కిటికీలోంచి అవతలి ఒడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు.

ఒక సాయంత్రం కమ్మరి కూడా మూట కట్టుకున్నాడు.

కమ్మరి అంటే అన్నయ్యకు ప్రాణం. దీవిలో దిగిన రోజున మొదటి గొడ్డలి చేసింది వాడే. మొదటి చలికాలంలో సగం మంది జబ్బుపడితే, ఒంటి చేత్తో కొలిమీ కట్టెలూ రెండూ చూసుకున్నదీ వాడే. అలాంటివాడు ఇంకా చల్లారని కొలిమిని వదిలేసి పోతుంటే, అన్నయ్య కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే నమ్ముతారా? నేను చూశాను. ఆ క్షణంలో నాకూ కుళ్ళుగానే ఉంది. ఆ బొమ్మ కమ్మరి కోసం పడ్డ బాధలో పదో వంతు నా కోసం ఎవరైనా పడితే బాగుండుననిపించింది. మా ఇంటి రక్తం అలాంటిది.

మర్నాడు గుమ్మంలో వదినను నిలేశాడు.

"నా కమ్మరిని పంపించెయ్."

"నేను పిలవలేదండీ. తనే వచ్చాడు. వచ్చిన మనిషిని పొమ్మంటానా?"

అన్నయ్య చెప్పులు విప్పి, మళ్ళీ వేసుకుని, మళ్ళీ విప్పాడు. "ఎలా ఉన్నాడు?" అన్నాడు చివరికి.

"బాగున్నాడు. చేపలవాడి పక్కన మంచం వేశాను. ఇద్దరికీ ఒకటే నవ్వులు" అని వదిన బస్సుకు టైమైందని వెళ్ళిపోయింది.

ఒకటే నవ్వులు అన్న ముక్క అన్నయ్య గుండెల్లో ముల్లులా దిగబడింది. తన ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు ఎరగరు. ఎరగకుండా చార్టు వేసింది తనే. కానీ ఆ దారిన ఆలోచన పోతే ఇక అన్నయ్య ఎందుకవుతాడు? వదిన దగ్గర ఏదో కిటుకు ఉందని, అది తనకు చెప్పడం లేదని తేల్చుకున్నాడు. ఊరి చుట్టూ రాతి గోడ లేపి, గేటుకు తాళం వేశాడు. జనం పనులు మానేసి గేటు దగ్గర బారుగా కూర్చున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పట్టణానికి ఆ చివర కొత్త డిపో తెరుస్తున్నామని, వెళ్ళాలనుకున్న వాళ్ళు మేనేజరుకు పేరివ్వొచ్చని ప్రకటించారు. అప్పుడు చూడాలి సంబరం! కొలతలకు వచ్చిన ఒక డ్రైవరు, "ఇల్లు దూరమైనా ఫర్వాలేదమ్మా, చార్టు మారితే చాలు" అన్నాడు. నేను టేపు బిగించి పట్టుకుంటే గాని నోరు మూయలేదు. పేరిచ్చిన ప్రతివాడి మీదా అన్నయ్య సొంత తమ్ముడు ఆస్తి రాయించుకుపోయినంతగా మండిపడ్డాడు. "పోనీ, పోనీ. అక్కడేం ఒరుగుతుందో నేనూ చూస్తాను" అంటూ ఇల్లంతా తిరిగేవాడు.

అలా తిరిగి తిరిగి, ఒక ఆదివారం వదిన డ్యూటీకి వెళ్ళాక కంప్యూటరు ముందు కూర్చుని, అవతలి ఒడ్డు తెరిచాడు.

"అన్నయ్యా, అది వదిన ఊరు" అన్నాను.

"సర్దుతున్నానంతే. పాపం, తనకు గోడలు కట్టడం రాదు."

పాకను గదులు గదులుగా చీల్చాడు. ఆ పొడుగాటి బల్లను విరగ్గొట్టించి ఆ చెక్కతో తలుపులు చేయించాడు. చేపలవాణ్ణి ఈ చివర, కమ్మరిని ఆ చివర పడేశాడు. కమ్మరి పోయినప్పటి నుంచీ అన్నయ్య ముఖంలో కళ లేదు, ఆ పూట వచ్చింది. "అక్కడా ఇక్కడా ఒకేలా ఉంటే వాడు సొంత ఊరికే వస్తాడు చూడు. గేటు తీసిపెట్టాను" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. చేతిలో కత్తెర ఉంది కాబట్టి దగ్గరికి వెళ్ళలేదు.

ఇంకా చీకటి పడకముందే తెర మీద కబురు వచ్చింది: కమ్మరి పడవెక్కాడు. ఎటో పోతున్న ఓడ ఒకటి దీవి పక్కన ఆగితే, దాన్ని అందుకోవడానికి పడవెక్కి వెళ్ళిపోయాడు. అన్నయ్య తీసిపెట్టిన గేటు వైపు తిరిగి కూడా చూడలేదు. అన్నయ్య చాలాసేపు ఆ ఖాళీ నీళ్ళనే చూస్తూ కూర్చున్నాడు.

సోమవారం పొద్దుట వదిన కంప్యూటరు ముందు కూర్చుంది. నేను మిషను ఆపాను. ఆమె ఒక్కో గదీ వెతుకుతూ పోయింది. ప్రతి గదిలో ఒక మంచం, ఒక మనిషి. కమ్మరి గదిలో మంచం మాత్రమే ఉంది.  వదిన కంప్యూటరు ఆపేసి, వెళ్ళి గిన్నెలు తోమింది, కడిగినవే మళ్ళీ తోమింది. ఆ తర్వాత ఆట జోలికి పోలేదు. బుధవారం సెలవు నాడు మాత్రం తయారై, "కొత్త డిపో ఎలా ఉందో చూసొస్తాను" అని నాతో చెప్పి బయల్దేరింది. నేను అన్నయ్యకు చెప్పలేదు. నన్నెవరూ అడగలేదు.

అన్నయ్యకు ఆ సంగతి డిపోలోనే తెలిసింది. మేనేజరు అందరి ఎదుటా, "మీ ఇంటావిడ కూడా పేరిచ్చింది కదండీ, ఇంక ఇక్కడ మీరొక్కరే మిగులుతారేమో" అని నవ్వాడట. ఆ నవ్వుతో అన్నయ్యకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు వేళ కాకముందే ఇంటికి వచ్చేశాడు. ఆఫీసు మధ్యలో లేచి రావడం నాకు తెలిసి అదే మొదటిసారి. వదిన డ్యూటీకి తయారై, టికెట్ల బ్యాగు భుజాన తగిలించుకుంటోంది. చొక్కా అంచు ఊడిందంటే నేను ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని కుడుతున్నాను. నా నోట్లో గుండుసూదులు ఉండడం అందరికీ మంచిదైంది.

"కొత్త డిపోకు పేరిచ్చావట" అన్నాడు. చెప్పులు విప్పలేదు.

"ఇచ్చానండీ."

"నాతో ఒక్క మాటైనా చెప్పకుండా?"

"ఎప్పుడు చెప్పను? నేనొచ్చేసరికి మీరు నిద్రలో ఉంటారు. మీరు వెళ్ళేసరికి నేను నిద్రలో ఉంటాను."

"మేనేజరు నోట వినాల్సొచ్చింది, పదిమందిలో! ఏం తక్కువ చేశాను నీకు? అందరూ పోతున్నారని నువ్వూ పోతావా? అసలు ఎవరున్నారక్కడ?"

ఆ చివరి మాట చాలా పెద్ద గొంతుతో వచ్చింది. అన్న తర్వాత తనకే సిగ్గేసినట్టుంది, గోడ వైపు తిరిగాడు. వదిన బ్యాగు పట్టీ సరిచేసుకుంది. 

"మీ డిపోలో మీరు చార్టు వేస్తే పడ్డాను. ఆఖరికి నా ఊళ్ళో కూడా మీరే చార్టు వేశారు. ఇంకెక్కడికి పొమ్మంటారు?"

 అన్నయ్య తన అసలు బాధ అడిగేశాడు. "అక్కడ చార్టు ఎవరు వేస్తారు?"

"ఒకావిడ. వెళ్ళి మాట్లాడొచ్చాను."

"నాకంటే బాగా వేస్తుందా?"

ఈ మనిషిని ఏం చేయాలో తెలియక నేను దారం తెంపేశాను. వదిన మాత్రం నిదానంగా చెప్పింది.

"అది నాకేం తెలుసండీ. నా వైపు చూసి ఒకటే అడిగింది, ఇంట్లో మీ ఆయనది ఏ షిఫ్టమ్మా అని. పొద్దుటిదన్నాను. సెలవెప్పుడు అంది. ఆదివారం అన్నాను. అయితే నీకూ పొద్దుటి షిఫ్టు, ఆదివారం సెలవు వేస్తానంది."

 సాయంత్రాలు ఇంట్లో తనతో ఉండడానికి తన డిపోనే వదిలి వెళ్తోందని అర్థం కావడానికి అన్నయ్యకు కొంచెం సమయం పట్టింది. అర్థమైన గుర్తు ముఖంలో కనబడింది. సంతోషం రావలసిన చోట మళ్ళీ అదే వచ్చింది, నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. కాకపోతే ఇంత లోతుగా ఎప్పుడూ చూడలేదు.

"నువ్వడిగావు కాబట్టి వేసింది" అన్నాడు. "నన్నెప్పుడైనా అడిగావా?"

"ఆవిణ్ణీ నేను అడగలేదండీ. ఆవిడే అడిగింది."

వదిన చెప్పులు వేసుకుని బస్సుకు వెళ్ళిపోయింది. అన్నయ్య గుమ్మంలోనే నిలబడి, ఆమె మలుపు తిరిగే దాకా చూసి, నా వైపు తిరిగాడు.

"ఎవరో ఏమిటో, ముక్కూ ముఖం తెలియని మనిషి" అన్నాడు. "అది నేను అడగాల్సిన మాట కదే."

ఆ మాటను ఇంట్లోంచి ఎవరో ఎత్తుకుపోయినట్టే అన్నాడు.